పలకరాయి

"నాలుక పిడచకట్టుకుపోతోంది యాయో. బావి ఎక్కడ?" అన్నాడు సర్వేయరు అబెరా. అగ్నిపర్వతం కక్కిన నల్లరాయి ఎండకు పెనంలా కాలుతోంది.

"నీ పటంలో చూసుకో సారూ," అన్నాడు దారి చూపే యాయో, కూర్చున్న పలకరాయి మీంచి కదలకుండా. ఆ రాయి కిందే బావి ఉంది.

"పటంలో ఇక్కడంతా ఖాళీయే."

"గీసింది నువ్వేగా! ఎర్రదిబ్బ దగ్గరా ఖాళీ అనే గీశావు. ఖాళీ నేలే కదా అని ఉప్పు కంపెనీ మా బావిని పూడ్చేసింది. మేకల్ని తోలుకొచ్చిన మా అమ్మ గుక్కెడు నీళ్లు లేక అక్కడే పోయింది. పన్నెండేళ్లుగా నీకోసమే కాచుక్కూచున్నా. నువ్వూ అలాగే పో. దాహమేస్తే నీ కాగితం పిండుకు తాగు!"

అబెరా కూలబడిపోయాడు.

"ఎర్రదిబ్బ దగ్గర అడిగాను యాయో. ఈతచాప అల్లుతూ ఒకావిడ కూర్చునుంది. ఇక్కడ చుక్క నీళ్లు లేవు, పోవయ్యా, అంది. మూడుసార్లు అడిగాను. కూర్చున్న చోటునుంచి లేవను కూడా లేదు."

యాయో గొంతు తగ్గింది. "దేనిమీద కూర్చుంది?"

"రాయి మీద. ఇదిగో, ఇలాంటి పలకరాయే."

ఆవిడ యాయో అమ్మే. పరాయివాడికి బావి చూపకూడదని యాయోకి నేర్పిందీ ఆవిడే.

యాయో లేచాడు. రాయిని పక్కకు నెట్టాడు. లోపలినుంచి చల్లటి తడివాసన వచ్చింది. వంగబోయిన అబెరాను గుండెల మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"ముందు పటంలో పెట్టు. తర్వాత తాగుదువుగాని."