క్లారినెట్ ఎవరింట్లో ఉంది?

“మీ ఇళ్లలో ఎవరైనా దీన్ని వాయిస్తారా పిల్లలూ?” స్టేజీ మీద కోటు వేసుకున్న పెద్దాయన క్లారినెట్ పైకెత్తి అడిగిండు.

కరీంనగర్‌ల బడిపిల్లల కోసం పెద్ద ఆర్కెస్ట్రా వాయిస్తదని తెలిసి, అజీముద్దీన్ ఒప్పుకున్న పెండ్లి బరాత్‌ను కూడా వదులుకొని, ఇస్త్రీ షర్టు తొడుక్కొని, పెండ్లాంబిడ్డతో వచ్చిండు. పెండ్లికొడుకు గుర్రం ముందట దుమ్ములో నడుసుకుంట ఆయన వాయించేది గా క్లారినెట్టే. దానికి ఏసీ హాలు, మెత్తటి కుర్చీ కూడా దొరుకుతయని ఆయన ఇప్పుడే చూస్తున్నడు.

“చెయ్యెత్తు బేటా,” అన్నడు మెల్లగ.

నౌషీన్ చెయ్యి ఒళ్లో నుంచి లేవలే.

“సిగ్గెందుకే? మా అబ్బా వాయిస్తడని చెప్పు,” అని నసీమా బిడ్డను మోచేత్తో పొడిచింది.

“నువ్వే చెప్పద్దంటివి గద అమ్మీ! బ్యాండని చెప్తే దోస్తులు నవ్వుతరు, బిజినెస్ అని చెప్పుమంటివి.”

గుసగుసే. కానీ పటాకుల మోతలో కూడా తప్పు సురం పట్టే చెవులు అజీముద్దీన్‌వి. నసీమా ఎటు చూడాల్నో తెలువక స్టేజీ దిక్కు చూసింది.

ముందు వరుసల ఒక పిల్లగాడు లేచిండు. “మా మామకు గిటారుంది సార్. వాయించుడు రాదు, గోడకు తగిలేసిండు.”

హాలంతా చప్పట్లు. అందరికన్నా గట్టిగ అజీముద్దీనే కొట్టిండు.

“ఏం బిజినెస్ అని చెప్పినవ్ బేటా?”

“బట్టల దుకాణం, అబ్బా.”

“మంచిగుంది,” అన్నడు చప్పట్లు ఆపకుండనే. “జర పెద్ద దుకాణమే చెప్పినవు గద?”