తొట్టికి తాంబూలం

వాడిన నీళ్లను మళ్లీ మంచినీళ్లు చేసే తొట్టి ఇంటింటికీ వచ్చాక, కాకినాడ జనం ట్యాంకర్ల కోసం ఎదురుచూడడం మరిచిపోయారు. అలాంటిది, మనవరాలి బారసాల రేపనగా సుభద్రమ్మ ఇంటి తొట్టి మీద ఎర్రదీపం వెలిగింది. కొళాయిలు వాటంతటవే ఆగిపోయాయి. వంటింటి నిండా ఉచ్చకంపు.

"అమ్మా, ఇత్తడి సామాను తోమిన చింతపండు నీళ్లన్నీ సింకులో పోసేశావా?" చంటిదాన్ని భుజానేసుకుని కూతురు హిమజ అడిగింది.

"మరెక్కడ పొయ్యనే? పులుపు లేకుండా ఇత్తడి మెరుస్తుందా?"

"తొట్టిలో క్రిములకి పులుపు పడదమ్మా. ఈ కంపుని తినేది అవే. అవి చస్తే రేపు దీనికి స్నానమెలా?"

సుభద్రమ్మ ఎర్రదీపం వైపు చూసింది. "విరుగుడు లేదా?"

"సున్నం వెయ్యాలి."

సుభద్రమ్మ తన తమలపాకుల పెట్టె తెచ్చింది. డబ్బాలోని సున్నమంతా తాగేనీళ్ల చెంబులో కలిపి, కొంచెం కొంచెంగా తొట్టిలో పోసింది. ఆకు నమలకుండానే దాని పక్కన కూలబడింది.

సాయంత్రానికి కంపు తగ్గింది. దీపం రంగు మారింది. కొళాయి ఒకసారి దగ్గి, నీళ్లు వదిలింది.

సుభద్రమ్మ దీపం వంక చూస్తూ తడిచేత్తో తొట్టిని నిమిరింది.

"సున్నం పడితే మనకి నోరు ఎర్రగా పండుద్ది. వీటికి పచ్చగా పండిందే!"