కర్టెన్ ముక్క

"ఏం నాయనా, మా మరిదికి ఫోటోలో ఏం పని?"

ఫోన్లో కలప డిపో పెద్దమ్మగారి గొంతు గుసగుసగా వినపడేసరికి ఫోటోగ్రాఫరుకి తాగుతున్న కాఫీ గొంతుకి అడ్డం పడింది.

"మరిదిగారా? ఏ ఫోటోలోనమ్మా?"

"నిన్న సాయంత్రం నువ్వు పంపించావే, హాల్లో పెట్టే పెద్ద ఫోటో, అందులో. మా ఆయన పక్కన నిలబడి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. పదకొండింటికి చుట్టాలంతా దిగుతారు. ఆయన ఇంకా గదిలోంచి రాలేదు కాబట్టి బతికిపోయావు. చూశారో, ఆ ఫోటోతో పాటు నిన్నూ గోడకి కొడతారు!"

ఫోన్ పెట్టేసి ఫోటోగ్రాఫరు ఒక్క అంగలో కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాడు. పదిహేనేళ్ళుగా కళ్ళు మూసుకుని నొక్కే బొమ్మ అక్కడ లేదు.

"అమ్మాయీ! ఇక్కడ నా ప్రోగ్రామ్ ఉండాలి, ఏదీ?"

"పోయింది నాన్నా. నిన్న కంప్యూటర్ అప్‌గ్రేడ్ చేశాను కదా. అంత పాతది ఇందులో నడవదట. కొత్తది వేశాను. దానికంటే పదింతలు నయం."

"పదిహేనేళ్ళు కాపురం చేసినదాన్ని నాతో ఒక్క మాటైనా చెప్పకుండా పంపించేస్తావా?"

"చెప్పాను. అప్‌గ్రేడ్ చెయ్యనా అంటే ఊఁ అన్నావు."

"ఊఁ అన్నాను. అదేమిటో తెలిసి అన్నానా!"

మూడేళ్ళ క్రితం డిపో పెద్దాయన స్టూడియోకి వచ్చి, ఇంటిల్లిపాదీ దిగిన ఫోటో చూపించి, "మా తమ్ముణ్ణి ఇందులోంచి తీసెయ్" అన్నాడు. ఎందుకని ఫోటోగ్రాఫరు అడగలేదు. కానీ దేవుడు నిలబెట్టిన మనిషిని తుడిచెయ్యడానికి ఆయనకి చెయ్యి రాలేదు. వెనక కర్టెన్‌లోంచి ఒక ముక్క కాపీ తీసి, తమ్ముడి మీద పరదాలా కప్పి ఊరుకున్నాడు. ఆ ముక్క కింద తమ్ముడు నిక్షేపంగా ఉన్నాడు. పాత ప్రోగ్రామ్ ఆ గుట్టుని మూడేళ్ళు కాపాడింది. కొత్తది ఫైలు తెరుస్తూనే పరదా లాగి పారేసింది. నిన్న ఆయన ఒక బళ్ళో గ్రూపు ఫోటోలు తీస్తూ, పెద్దాయన ఫోటో ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి పంపెయ్యమని కూతురికి ఫోన్లోనే చెప్పాడు.

"అందులో ఏడుగురుండాలో, ఎనిమిదిమంది ఉండాలో నాకెలా తెలుస్తుంది నాన్నా?" అంది కూతురు బిక్కమొహం వేసుకుని.

ఆయన కొత్తదాని ముందు కూర్చున్నాడు. చెయ్యి అలవాటుగా వెళ్ళిన చోట ఏ పనిముట్టూ లేదు. ఏదో నొక్కితే పెద్దాయన మొహం ఆకుపచ్చగా మారింది. ఇంకేదో నొక్కితే మీసం పోయింది. గడియారం తొమ్మిదీ ముప్పావు చూపిస్తోంది.

"లే నాన్నా, నేను చేస్తాను."

"చేసినా అంత పెద్ద ప్రింటు సాయంత్రానికి గానీ రాదు. నువ్వు ఆ కర్టెన్ ఒక్కటీ ఫోటోలో మనిషంత ప్రింటు తియ్యి. మన చిన్న మిషను మీద మూడు ముక్కలుగా వచ్చినా సరే."

"ఏం చేస్తావు?"

"అంటిస్తాను. మా రోజుల్లో కత్తెరా గమ్మే ప్రోగ్రాము."

పదింపావుకి పెద్దమ్మగారు ఆయన్ని దొడ్డిదారిన లోపలికి తీసుకెళ్ళింది. హాల్లో కోడలు, పిల్లలు గోడకి అతుక్కుని నిలబడ్డారు. అందరూ ఫోటో చూశారు.

"కానీ నాయనా, త్వరగా కానీ. ఆయన గది తలుపు కిర్రుమందంటే అందరం అయిపోయినట్టే."

ఆయన స్టూలెక్కాడు. ఫ్రేముకి అద్దం వేయించకపోవడం దేవుడి దయ అనుకున్నాడు. మొదటి ముక్కకి గమ్ము రాసి తమ్ముడి మొహం మీదికి తెచ్చాడు. ఆ నవ్వు చూసి ముక్కని మళ్ళీ వెనక్కి తీశాడు. 'స్వామీ, ఇన్నాళ్ళూ నేను దాచింది నువ్వే బయటపెట్టావా? మరి మళ్ళీ నా చేతనే ఎందుకు దాయిస్తున్నావు?' అనుకున్నాడు.

"ఏమోయ్, పైన ఏం చేస్తున్నావు?"

పెద్దాయన! స్టూలు గడగడలాడింది. కోడలూ పిల్లలూ మాయమయ్యారు.

"దిగు."

దిగాడు.

"చేతిలో ఏమిటది?"

"కర్టెనండీ."

"కర్టెనా?"

"అంటే... తమ్ముడుగారి మీద వెయ్యడానికండీ." ఇక దాచలేక అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. అప్‌గ్రేడూ, పోయిన ప్రోగ్రామూ, బళ్ళో గ్రూపు ఫోటోలూ, ఏదీ వదల్లేదు. పెద్దమ్మగారు కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

పెద్దాయన అంతా విన్నాడు.

"అయితే ఇది నువ్వు కావాలని చేసింది కాదు."

"అయ్యో, ఎంతమాట! కాదండీ."

"మా ఆవిడ చేయించిందీ కాదు."

"అమ్మగారికి ఏ పాపమూ తెలియదండీ. అంతా ఆ కొత్త ప్రోగ్రామ్ చేసిన పని. రేపటికల్లా సరిచేసి వేరేది తెస్తానండీ."

"ఈ ప్రోగ్రామ్ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"మా అమ్మాయికండీ. ఇప్పుడు మీకూ, అమ్మగారికీ."

పెద్దాయన ఆ కర్టెన్ ముక్క లాక్కుని నాలుగు మడతలు పెట్టాడు. గమ్ము వేళ్ళకి అంటుకుంటున్నా పట్టించుకోకుండా దాన్ని ఫోటోగ్రాఫరు జేబులో కుక్కాడు. గొంతు తగ్గించాడు.

"ఇంకొకడికి తెలిసిందంటే నీ కాళ్ళు విరగ్గొడతాను. తెల్లారగానే, ఇంట్లో ఎవరూ లేవకముందే, ఈ ఫోటోని ఫోన్లో తీసి మా తమ్ముడికి పంపించాను, దారిలో ఉన్నాడు."