కుట్టు గదిలో పెద్దావిడ

కుట్టు మిషను మీద సూది టక్కున విరిగింది.

బుజ్జి వాళ్ళమ్మ చేతులు వెనక్కి లాక్కుంది. కంగారులో కాలు మాత్రం పెడల్ తొక్కుతూనే ఉంది.

“ముందు కాలు ఆపమ్మా,” అంది కుట్టు టీచరు.

గదిలో ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు.

చర్చి తరఫున ఒక బృందం కొన్నాళ్ళు ఉండి వెళ్ళడానికి ఈ మధ్యే ఆ ఊరు వచ్చింది. మిషన్ వాళ్ళు వస్తున్నారంటే కుట్టు మిషన్లు అమ్మేవాళ్ళేమో అనుకున్నారు ఊళ్ళో. తీరా చూస్తే వాళ్ళు పాడుబడ్డ గోదాముకు సున్నం కొట్టి, మధ్యలో గోడ లేపి, ఒక పక్క పిల్లలకు బడి పెట్టారు. రెండో పక్క నిజంగానే కుట్టు మిషన్లు దించారు.

బుజ్జి తల్లికి భర్త లేడు. ఇటుకల బట్టీలో పని. తన ఒక్కదాని కూలితో ఇల్లు గడవక బుజ్జిని కూడా మట్టి మోయడానికి తీసుకెళ్తుంది. కుట్టు వస్తే కూతుర్ని ఆ గోడ అవతలికి పంపొచ్చని ఆమె ఆశ.

“ఇటుకలు మోసే చేతులు టీచరమ్మా. వీటికి దారం లొంగదు. నేను పోతా,” అని లేచింది.

గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి ఎవరో పిలిచారు.

“అమ్మాయీ, ఈ గుడ్డ కాస్త పట్టుకోమ్మా. తర్వాత పోదువుగాని.”

మూల మిషను దగ్గర కూర్చున్న పెద్దావిడ. బృందంతో పాటే వ్యాను దిగింది. పాఠం చెప్పదు, వంట చెయ్యదు, ఒకరి మీద పెత్తనం చెయ్యదు. బృందాన్ని తీసుకొచ్చిన పాస్టరు గారి అత్తగారయి ఉంటుందనీ, ఇంట్లో వదిలేస్తే అలుగుతుందని వెంట తెచ్చుకున్నాడనీ ఊరంతా తేల్చేసింది.

బుజ్జి తల్లి వెళ్ళి చూసింది. గుడ్డ మీద టీచరు గీసిన గీతది ఒక దారి, కుట్టుది ఇంకో దారి.

“ఇదేంటి పెద్దమ్మా, కుట్టు వాగులా వంకర్లు పోయింది?”

“ఒక్క చేత్తో తొయ్యడం కదమ్మా.”

“రెండోది ఏం చేస్తోంది?”

“నిద్రపోతోంది. పక్షవాతం వచ్చిననాడు పడుకుంది. ఎంత లేపినా లేవదు.”

చెబుతూ ఆవిడే నవ్వింది. బుజ్జి తల్లి నవ్వలేకపోయింది. స్టూలు జరుపుకుని ఆవిడ పక్కన కూర్చుంది.

ఆ రోజు నుంచి ఆ మిషనుకు ఇద్దరు. గుడ్డకు ఎడమ పక్క పెద్దావిడ చెయ్యి, కుడి పక్క బుజ్జి తల్లి చెయ్యి.

టీచరు ఏది చెప్పినా బుజ్జి తల్లి మళ్ళీ అడిగేది.

“నా బుర్రకెక్కితే కదా ఆవిడకు చెప్పడానికి,” అనేది.

తన కోసమైతే అడగడానికి సిగ్గుపడేది. ఆవిడ కోసమనేసరికి ఎక్కడలేని ధైర్యం వచ్చేది.

ఆవిడ చేత కుట్టింది విప్పించేది, మళ్ళీ కుట్టించేది. ఒక్కోసారి విసుక్కునేది కూడా.

“చంక దగ్గర మళ్ళీ జారిపోయింది. మీకు ఈ జన్మలో కుట్టు రాదు పెద్దమ్మా.”

“తిడితే తిట్టు. మానెయ్యకు,” అనేది పెద్దావిడ.

బృందం బయల్దేరే నాటికి ఇద్దరూ కలిసి బుజ్జి కొలతలకు ఒక బడి చొక్కా పూర్తి చేశారు.

పెద్దావిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని అంచులు తడిమింది.

“బాగా నేర్పావమ్మా,” అంది.

ఏదో చెప్పాలనిపించింది బుజ్జి తల్లికి. బయట వ్యాను హారన్ కొడుతోంది. వచ్చే ఏడు మళ్ళీ వస్తారుగా, అప్పుడు చెబుదాంలే అనుకుంది.

ఏడాది తిరిగింది.

బడి పిల్లలందరి చొక్కాలూ ఇప్పుడు బుజ్జి తల్లే కుడుతోంది. పక్క ఊరి బడి వాళ్ళూ ఆమెకే ఇస్తున్నారు. బుజ్జి మళ్ళీ బట్టీ మొహం చూడలేదు. గోడ అవతల కూతురు గొంతెత్తి ఎక్కాలు చదువుతుంటే, ఇవతల తల్లి మిషను తొక్కుతుంది.

వ్యాను వచ్చింది. ఒక్కొక్కరే దిగారు. పెద్దావిడ దిగలేదు.

బుజ్జి తల్లి సంచిలోంచి ఒక వదులు గౌను తీసింది. బొత్తాలు లేకుండా, ఒంటి చేత్తో తొడుక్కునేలా కుట్టింది.

“టీచరమ్మా, పాస్టరు గారి అత్తగారేరి? ఇది ఆవిడకి.”

“అత్తగారా? ఆయనకు పెళ్ళే కాలేదమ్మా,” అని నవ్వబోయిన టీచరు, గౌను చూసి ఆగిపోయింది.

“పెద్దావిడ చలికాలంలో పోయారు.”

బుజ్జి తల్లి గౌను మడత పెట్టింది. మళ్ళీ విప్పింది.

“నన్ను గుమ్మంలోంచి వెనక్కి పిలిచింది ఆవిడే. లేకపోతే నా పిల్ల ఇంకా మట్టి మోస్తుండేది. ఆ మాటే చెప్పలేదు. కుట్టు రాదని మాత్రం నోటికొచ్చినట్టు అన్నాను.”

టీచరు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఊరూరా ఈ కుట్టు గదులు పెట్టించింది ఆవిడేనమ్మా. నాకూ, నాతో వచ్చిన వీళ్ళందరికీ చెయ్యి పట్టుకుని కుట్టు నేర్పింది ఆవిడే. చెయ్యి పడిపోయాక, మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకుంటానని పంతం పట్టి మా వెంట ఇక్కడికి వచ్చారు.”

బుజ్జి తల్లి గౌను అంచులు తడిమింది.

“చివరిదాకా ఎడమ చేత్తోనే కుట్టారు,” అంది టీచరు. “ఇంత చక్కగా ఎవరు నేర్పారని ఎవరైనా అడిగితే, ఇటుకల బట్టీలో పనిచేసే ఒక అమ్మాయి నా గురువు అని చెప్పేవారు.”