ఊ కొట్టినవాడు

"అబ్బాయ్, నా కుడి కన్ను..."

"ఒక్క నిమిషం అమ్మా, సిగ్నల్ పోతోంది" అన్నాడు ప్రభాకర్, ఫోను పైకెత్తి పట్టుకుని.

సుబ్బులు కొంగుతో కన్ను ఒత్తుకుంది.

కొన్నాళ్లుగా ఆ కంటికి అంతా మసకే. ఎవరి మొహం చూసినా మధ్యలో మరక పడ్డట్టుంటోంది. డాక్టరుకి చూపించమని అడగాలి, అంతే. అడుగుదామంటే వినేవాళ్లు ఉండాలిగా!

దసరా సెలవులకని మొయినాబాద్ దగ్గర ఫామ్‌హౌస్ కిరాయికి తీసుకున్నారు. ఇవాళ చేవెళ్ల దాటి ఈ గుట్ట ఎక్కుదామన్నారు. ఒక్కతే ఉండలేక సుబ్బులూ బయల్దేరింది.

గుట్ట కింద బోర్డు ఉంది. 'ఎలుగుబంట్లు తిరుగు ప్రాంతం. జాగ్రత్త.'

దాని పక్కన నిలబడి కొడుకు, కోడలు సమత, మనవరాలు ఆద్య సెల్ఫీ దిగారు. సుబ్బుల్ని పిలవడం మర్చిపోయారు.

"అత్తయ్యా, మీరు మెల్లగా రండి!" అని పైనుంచి సమత కేకేసింది. ఆ తర్వాత ఆ కేకా లేదు.

సీతాఫలం చెట్ల మధ్య సన్నటి బాట. ఎక్కడ రాయో, ఎక్కడ గుంటో తెలియడం లేదు. ఇంతమంది ఉండీ ఒంటరిదాన్నయ్యానే అని సుబ్బులుకి ఏడుపొచ్చింది.

"ఏ ఊరవ్వా నీది?"

వెనకనుంచి అంత గట్టిగా వినబడేసరికి ఉలిక్కిపడింది. తలకి రుమాలు చుట్టుకుని, చేతిలో కర్రతో ఒక మనిషి.

"ఏంటయ్యా ఆ అరుపు! తెనాలి పక్కన మాది. అయినా అవ్వేంటి? మహా అయితే నీకంటే నాలుగేళ్లు పెద్దదాన్నేమో!"

"ఊఁ. ఊకె నడువకు. మాట్లాడుకుంట నడువాలె."

"ఎందుకో?"

"ఊఁ. పిల్లలెంతమంది?"

వింత మనిషి! సుబ్బులు కొంగు గొలుసు మీదికి లాక్కుంది. అతను ముందుకొచ్చి, దారి చూపిస్తూ నడిచాడు. మాటిమాటికీ వెనక్కి తిరిగి ఆవిడ మొహంలోకి చూస్తున్నాడు. ఆవిడ మాట ఆపిందంటే చాలు, "చెప్పు, చెప్పు! ఆగకు!"

సరే కదా అని చెప్పింది.

చెల్లెలితో గొడవ చెప్పింది. తను పెట్టిన గోంగూర పచ్చడి ఫ్రిజ్‌లో మూల పడి ఉండటం చెప్పింది. ఆయన పోయాక, సాయంత్రం వార్తలప్పుడు పోట్లాడ్డానికి కూడా మనిషి లేడని చెప్పింది.

అన్నిటికీ అతను "ఊఁ" అన్నాడు.

తన మాటకి ఒకరు ఊ కొట్టి ఎన్నాళ్లయిందో! సుబ్బులుకి ప్రాణం లేచొచ్చింది.

"కన్ను కనబడట్లేదయ్యా. గుడ్డిదాన్నయిపోతానేమోనని భయంగా ఉంది."

అనేసింది. అనగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను ఆగి ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఏడ్వకవ్వా. నేనున్న గద, ఫికర్ చెయ్యకు."

కొడుకు నోట రావాల్సిన మాట.

ఇంకాస్త ఎక్కాక అతను గబుక్కున ఆగి, కర్ర అడ్డం పెట్టాడు.

"గట్టిగ చెప్పు!"

"ఏం చెప్పను?"

"ఏదన్న! గట్టిగ!"

పెళ్లిచూపుల నాడు మొగుడు బురదలో జారిపడ్డ సంగతి సుబ్బులు గొంతెత్తి చెప్పింది. చెబుతూ తనే పకపకా నవ్వింది. పొదల పక్కన నల్లగా ఏదో కనబడింది. బండరాయి కాబోలనుకుంది.

"ఇంక పైకొద్దు. దిగుదాం" అన్నాడతను. కిందిదాకా తోడొచ్చాడు.

వెనకాలే కొడుకూ వాళ్లూ దిగొచ్చారు.

"ఎవడమ్మా వీడు? గుట్టంతా వినబడేట్టు ఆ అరుపులేంటి? పొద్దున్నే తాగాడా? ఏయ్, పో ఇక్కణ్ణుంచి!"

ఆ మనిషి కోప్పడలేదు. తలూపి "ఊఁ" అన్నాడు. అప్పుడే ఇంకో కారు దిగిన వాళ్ల వెంట మళ్లీ గుట్టెక్కిపోయాడు.

'తాగలేదురా, మంచివాడు' అనాలనుకుంది సుబ్బులు. కొడుకు మొహం చూసి తల దించుకుంది. తన మీద తనకే అసహ్యమేసింది.

అక్కడే ఉన్న చాయ్ డబ్బా దగ్గర కూర్చున్నారు. ఆద్య ఫోటోలు చూపించింది.

"నానమ్మా, నిన్ను పైనుంచి తీశా. నాన్నా, వెనకాల ఈ నల్లదేంటి?"

ప్రభాకర్ ఫోటో పెద్దది చేశాడు.

"అమ్మా... ఎలుగుబంటి! నీకూ దానికీ మధ్య ఆయనే నిలబడి ఉన్నాడు."

చాయ్ పోస్తున్న ముత్తమ్మ తొంగి చూసింది.

"గాయన మా ఇంటాయన బుచ్చయ్యనే. మనిషి గొంతు ఇనవడితే అది పక్కకు తప్పుకుంటది. సప్పుడు లేకుంట పోతెనే మీద వడ్తది. గుట్ట మీద దాని పేరు తియ్యం, గందుకే మీకు చెప్పకపోవచ్చు. ఎవరన్న ఒంటిగ ఎక్కుతుంటె ఎంబడి పోతడు."

సుబ్బులు కళ్లు తుడుచుకుంది.

"మీ ఆయన చల్లగా ఉండాలమ్మా! నా సోదంతా ఎంత ఓపిగ్గా విన్నాడో! నా కంటి సంగతి కన్నకొడుకు కంటే ముందు ఆయనకే తెలిసింది."

"కంటి సంగతేంటమ్మా?" ప్రభాకర్ కంగారుగా అడిగాడు.

ముత్తమ్మ సుబ్బులు వంకే చూస్తోంది.

"ఇన్నడా? ఎనకట ఆయన ఒంటిగ పోతుంటె ఇదే గుట్ట మీద ఎలుగు మీద వడి తల చీల్చిందవ్వా. గప్పటి సంది మా ఆయనకు రెండు చెవులు ఇనరావు."