గుర్తుంచుకునే పెట్టె

పందెం కారు ఇంజిన్‌లో నిప్పురవ్వ ఏ క్షణాన పుట్టాలో నిర్ణయించే రెండు పెట్టెల్ని కొట్టు అతను నా ముందు పెట్టాడు.

"ఇది కారుని బాణంలా పంపుతుందక్కా, బావగారు ఎప్పుడూ ఇదే కొంటారు. రెండోది కాస్త నిదానం, కానీ ఇంజిన్‌లో జరిగిందంతా రాసి దాచుకుంటుంది. పందెం కారుకి డైరీ ఎందుకు చెప్పండి, ప్రేమలేఖలు రాయాలా?"

"రెండోదే ఇవ్వు."

"ఓడిపోతే బావగారు నా తోలు తీస్తారు!"

"తీయరులే. కిందటి నెల పందెంలో ఇంజిన్ పేలి చనిపోయారు. తప్పంతా ఆయనదేనని విచారణలో తేల్చారు. కాదనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేకపోయింది."

అతని నవ్వు ఆగిపోయింది. "మరి ఇప్పుడు ఎవరు నడుపుతారక్కా?"

"మా అమ్మాయి. కాళ్లు పట్టుకున్నా వినలేదు. దాన్ని ఆపలేను. దాని మీద నింద మాత్రం పడనివ్వను."