ఎంటర్ నొక్కే ముందు

నల్ల తెర మీద ఒక్క వరుస కమాండ్ కొట్టి, ఎంటర్ మీద వేలు పెట్టి ఆగిపోయాడు తమ్ముడు.

“ఏరా, ముహూర్తం చూస్తున్నావా?” అంది అక్క.

“ఆగక్కా. కాపీ ఉన్న డిస్కు ఏదో, కొత్త ఖాళీ డిస్కు ఏదో ఇంకోసారి చూసుకోనీ. పేర్లు తారుమారైతే ఖాళీదే నీ కాపీని తుడిచేస్తుంది.”

అక్క ఏళ్ల తరబడి గీసిన బొమ్మల సినిమా ఉన్న పాత డిస్కు నిన్న పాడైపోయింది. మిగిలింది ఆ ఒక్క కాపీయే; దాన్నే ఇప్పుడు కొత్త డిస్కులోకి ఎక్కించాలి.

“ఆఫీసులో కళ్లు మూసుకుని చేస్తానని కోతలు కోశావుగా! ఈ చెమటలేంటి? అయినా నావి కాకిగీతలే కదా.”

“అక్కడ తప్పు చేస్తే తిట్లతో పోతుంది. ఇక్కడ పోతే... ఆ పడవవాడు నది దాటుతూ వెనక్కి చూస్తాడే, ఆ చూపు మళ్లీ గీయగలవా?”

అక్క తలెత్తి వాడి వంక చూసింది. ఆ సన్నివేశం తను పంపినప్పుడు ‘చూస్తాలే’ అని ఊరుకున్నాడు వాడు.

“గీయలేను రా,” అంటూ కుర్చీ దగ్గరికి లాక్కుంది. “పైకి చదువు. నేనూ చూస్తా.”

ఇద్దరూ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివారు. వాడు ఎంటర్ నొక్కాడు. తెర చాలాసేపు ఉలకలేదు, పలకలేదు.

చివరికి కాపీ పూర్తయి, కొత్త డిస్కుతో కంప్యూటర్ మళ్లీ తెరుచుకుంది. నది మధ్య నుంచి పడవవాడు వెనక్కి చూశాడు.

తమ్ముడు కళ్లు తుడుచుకున్నాడు. “వాడి ముక్కే కాస్త వంకరొచ్చిందక్కా.”

“ఏం చెయ్యను? నిన్ను చూసే గీశాను.”